పెడల్ లేని బ్రేకు, ఓ గాలి బుడగ

కారు వెనక పడవ ట్రైలర్ వస్తోంది. దాని బ్రేక్ ఎవరు తొక్కుతారు? ఎవరూ తొక్కరండీ! కారు స్లో అవ్వగానే ట్రైలర్ తన బరువుతో ముందుకు తోస్తుంది. ఆ తోపుకి కప్లర్ జరిగి మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. దీన్నే సర్జ్ బ్రేక్ అంటారు.

దీని మూలం మాల్కమ్ లాక్‌హీడ్. అవును, విమానాల లాక్‌హీడ్ అన్నదమ్ముల్లో ఒకడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టింది. తోలు సీల్స్ కారిపోతుంటే క్రైస్లర్ ఇంజినీర్లు రబ్బరువి తెచ్చారు. 1924 క్రైస్లర్‌లో వచ్చాయి. హెన్రీ ఫోర్డ్ మాత్రం 1939 మోడల్ దాకా కడ్డీలూ కేబుళ్ళే అన్నాడు. మొండిఘటం!

అయితే అప్పటి శత్రువే ఇప్పటికీ ఉంది: గాలి. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. పైపులో బుడగ ఉంటే తోపంతా దాన్ని నలపడానికే పోతుంది. కారులో అయితే పెడల్ మెత్తగా తగిలి మనకి తెలిసిపోతుంది. ట్రైలర్‌కి పెడలే లేదు కదా, దిగుడులో వెనక నుంచి గుద్దుకొచ్చేదాకా తెలీదు.

అందుకే ఇద్దరు కావాలి. ఒకరు స్క్రూడ్రైవర్‌తో మాస్టర్ సిలిండర్ నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు దూరంగా ఉన్న చక్రం దగ్గర బ్లీడర్ స్క్రూ తిప్పుతారు. వదిలేముందే స్క్రూ బిగించాలి, లేదంటే గాలి మళ్ళీ లోపలికే. బుడగలు ఆగాక దగ్గర చక్రం. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయిందా, మొత్తం మొదటికొస్తుంది.

పాత ఆయిల్ మాత్రం తిరిగి పోయకండి. అది తేమ పీల్చేస్తుంది. డాట్ 3 కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీళ్ళు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరంటే మళ్ళీ బుడగే.