క్రిస్మస్ రాత్రి దెయ్యం కథలు

క్రిస్మస్ రాత్రుల్లో దెయ్యం కథలు చెప్పుకోవడం ఇంగ్లండ్‌లో పాత ఆచారం. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో పగలు 8 గంటలైనా ఉండదు, సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. పొలం పనులు సద్దుమణిగి, చలి కాచుకుంటూ కూర్చున్న ఇంటిల్లిపాదికీ కథే కాలక్షేపం. షేక్‌స్పియర్ రాసిన ‘ది వింటర్స్ టేల్’ నాటకంలో తల్లికి కథ చెప్పబోయే చిన్న రాకుమారుడు శీతకాలానికి తగినదని దెయ్యాల కథనే ఎంచుకుంటాడు. 1610 ప్రాంతపు ప్రేక్షకులకు ఆ ఎంపిక వింతగా తోచి ఉండదు. ఇప్పుడు ఫోక్ హారర్ (జానపద భయానకం) పేరుతో నవలలుగా, సినిమాలుగా వస్తున్న సాహిత్యానికి వేరెక్కడుందని వెతికితే, ఒక పాయ ఈ ఆచారం దగ్గరికే చేరుతుంది.

నోటి కథను అచ్చు సరుకుగా మార్చినవాడు చార్లెస్ డికెన్స్. 1843 డిసెంబరు 19న ‘ఎ క్రిస్మస్ కేరల్’ వెలువడింది. మొదటి ముద్రణ 6,000 ప్రతులూ పండుగ ముందురోజుకే చెల్లిపోయాయి. రంగుల బొమ్మలకూ బైండింగుకూ ఖర్చు పెరిగి రచయితకు మిగిలింది తక్కువే. కానీ డిసెంబరులో దెయ్యానికి గిరాకీ ఉందన్న సంగతి ప్రచురణకర్తలకు బోధపడింది. 1850లో ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’, 1859లో ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పత్రికలు మొదలుపెట్టిన డికెన్స్, మన దీపావళి ప్రత్యేక సంచికల్లాగా ఏటా క్రిస్మస్ సంచిక తెచ్చేవాడు. ఎలిజబెత్ గాస్కెల్ రాసిన ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ 1852 సంచికలో, అమీలియా ఎడ్వర్డ్స్ రాసిన ‘ది ఫాంటమ్ కోచ్’ 1864 సంచికలో వచ్చాయి. విక్టోరియా కాలపు దెయ్యం కథల్లో పెద్ద వాటా స్త్రీలదే. సాహిత్య చరిత్రలు చాలాకాలం ఆ మాట చెప్పలేదు.

‘కేరల్’లో దెయ్యాలు వచ్చేది పిసినారికి బుద్ధి చెప్పడానికి. 1866 క్రిస్మస్ సంచికలో డికెన్సే రాసిన ‘ది సిగ్నల్‌మన్’లో ఆ ఊరట లేదు. అంతకు ముందటేడు జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు వంతెన మీద పట్టాలు తప్పి 10 మంది చనిపోయారు. ఆ రైల్లోనే ఉన్న డికెన్స్ బయటపడి, గాయపడినవాళ్లకు సాయపడ్డాడు. ఆ తర్వాత వచ్చిన ఈ కథలో సొరంగం నోటి దగ్గర, ఎర్రదీపం కింద ఒక ఆకారం కనిపిస్తుంటుంది. ఏదో ప్రమాదం ముంచుకొస్తోందని సిగ్నల్‌మన్‌కు తెలుసు, ఏమిటో మాత్రం తెలియదు. ఎవరికి తంతి కొట్టాలి, ఏమని కొట్టాలి? ఆ హెచ్చరిక ఎవరినీ కాపాడదు. ఆధునిక భయానక కథ ఇక్కడే మొదలైందంటే పెద్దగా తప్పులేదు.

1891 నాటికి జెరోమ్ కె. జెరోమ్ ‘టోల్డ్ ఆఫ్టర్ సప్పర్’ పుస్తకంలో ఈ ఆచారాన్ని ఆటపట్టించాడు. వెక్కిరింపుకు లోనయ్యేంతగా అది పాతబడిందన్నమాట. దానికి కొత్త ఊపిరి కేంబ్రిడ్జిలో దొరికింది. మాంటేగ్ రోడ్స్ జేమ్స్ (1862–1936) మధ్యయుగపు రాతప్రతుల పండితుడు. కాలేజీల్లో మూలుగుతున్న ప్రతులకు వరసగా కేటలాగులు తయారుచేసిన మనిషి. 1893 అక్టోబరు 28న చిట్‌చాట్ సొసైటీ సమావేశంలో రెండు దెయ్యం కథలు చదివాడు. తర్వాత కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ వేళ మిత్రులకు ఏటా కొత్త కథ వినిపించడం రివాజైంది. కథ తరచు ఆఖరి నిమిషంలో పూర్తయ్యేది. సిరా ఆరీ ఆరని కాగితాలతో గదిలోకి వచ్చి, ఒక్కటి తప్ప కొవ్వొత్తులన్నీ ఆర్పి చదవడం మొదలుపెట్టేవాడు. 1904లో ‘గోస్ట్ స్టోరీస్ ఆఫ్ యాన్ యాంటిక్వరీ’గా అచ్చయినవి ఇలా చెవికోసం రాసిన కథలే. అందుకే వాటిలో వర్ణన తక్కువ. దెయ్యం కనిపించేది ఒకటి రెండు వాక్యాల్లో, అదీ ఓరగా.

జేమ్స్ చేసిన అసలు మార్పు భయాన్ని నేలలోకి దించడం. అంతకుముందు దెయ్యం చాలావరకు ఇంటిది. పాత బంగళాకో, వంశపు పాపానికో కట్టుబడి ఉండేది. జేమ్స్ కథల్లో అది తీరానికి, దిబ్బకు, పాడుబడ్డ ఆలయానికి చెందుతుంది. అతను పెరిగింది సఫోక్‌లోని గ్రేట్ లివర్‌మియర్‌లో. ఆ తూర్పు తీరపు చదును నేలా, గులకరాళ్ల ఒడ్డూ అతని కథల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. చదువుకున్నవాడొకడు సెలవుల్లో వస్తాడు, తవ్వకూడనిది తవ్వుతాడు, దాని కాపలాదారు వెంటపడతాడు. 1925 నాటి ‘ఎ వార్నింగ్ టు ది క్యూరియస్’లో శత్రువులు ఒడ్డెక్కకుండా ఒకప్పుడు మూడు కిరీటాలను తీరంలో పాతిపెట్టారని ఐతిహ్యం. మిగిలిన ఒక్కదాన్ని పాక్స్‌టన్ తవ్వి తీస్తాడు. భయపడి తిరిగి పాతిపెట్టినా ప్రాణం దక్కదు. కథలోని సీబర్గ్ ఊరికి నమూనా ఆల్డ్‌బర్గ్. జేమ్స్ పోయిన మూడేళ్లకు, 1939లో, అదే సఫోక్‌లోని సటన్ హూ దిబ్బ కింద ఆంగ్లో-సాక్సన్ కాలపు ఓడ సమాధి బయటపడింది. కల్పనకు ఇంత చేరువలో నిధి దొరకడం అరుదు.

అదే కాలంలో వేల్స్ కొండలనూ రోమన్ శిథిలాలనూ పట్టుకుని ఆర్థర్ మాకెన్ ఇలాంటి బాటే వేశాడు. 1894లో వచ్చిన ‘ది గ్రేట్ గాడ్ పాన్’ అందులో పేరుపడింది.

కొవ్వొత్తి స్థానాన్ని టెలివిజన్ ఆక్రమించింది. 1968లో జొనాథన్ మిల్లర్ జేమ్స్ కథ ఒకదాన్ని బీబీసీకి తీశాడు. 1971 నుంచి 1978 దాకా ‘ఎ గోస్ట్ స్టోరీ ఫర్ క్రిస్మస్’ పేరుతో ఏటా ఒక కథ ప్రసారమైంది. ఒక్క చివరిది తప్ప అన్నిటికీ దర్శకుడు డాక్యుమెంటరీల నుంచి వచ్చిన లారెన్స్ గోర్డన్ క్లార్క్. తక్కువ ఖర్చుతో, సెట్లకు బదులు నార్ఫోక్ తీరంలో తీసిన 1972 నాటి ‘వార్నింగ్’లో పాక్స్‌టన్ ఉద్యోగం పోయిన గుమస్తా. నిధి కోసం తవ్వడానికి కుతూహలంతో పాటు ఆకలి కూడా కారణమైంది. ఈ మార్పు కథకు మేలే చేసింది.

ఆ ఏళ్లలోనే ఫోక్ హారర్‌కు మూలస్తంభాలనదగ్గ మూడు సినిమాలు వచ్చాయి: మైకేల్ రీవ్స్ ‘విచ్‌ఫైండర్ జనరల్’ (1968), పియర్స్ హాగర్డ్ ‘ది బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’ (1971), రాబిన్ హార్డీ ‘ది వికర్ మ్యాన్’ (1973). మూడోదానిలో తప్పిపోయిన పిల్లను వెతుకుతూ స్కాట్లండ్ దీవికి వెళ్లిన పోలీసు సార్జెంటును, ఆపిల్ పంట పోయిందని ఊరివాళ్లు బలి ఇస్తారు. ఆచారాలు చూడ్డానికి అనాదివిగా కనిపిస్తాయి. కానీ 1868లో దీవిని కొన్న భూస్వామి కూలీల చేత ఉత్సాహంగా పనిచేయించడానికి వాటిని తిరిగి ప్రవేశపెట్టాడని సినిమాలోనే ఉంది. అతని మనవడిగా క్రిస్టఫర్ లీ ఆ సంగతి దాచకుండా చెబుతాడు. ఈ తరహా కథల గుట్టు కూడా అదే. వాటిలోని పాత దేవతలూ బలులూ పల్లెల నుంచి వచ్చినవి తక్కువ, గ్రంథాలయాల నుంచి వచ్చినవి ఎక్కువ. కేంబ్రిడ్జికే చెందిన జేమ్స్ ఫ్రేజర్ ‘ది గోల్డెన్ బౌ’ (1890), మార్గరెట్ మరే మంత్రగత్తెల మతం గురించి 1921లో రాసిన పుస్తకం అందుకు ముఖ్యమైన ఆధారాలు. మరే సిద్ధాంతాన్ని చరిత్రకారులు తోసిపుచ్చి చాలాకాలమైంది. కథకులు మాత్రం వదల్లేదు.

‘ఫోక్ హారర్’ అన్న పేరు జనంలోకి వెళ్లింది 2010లో, మార్క్ గేటిస్ బీబీసీకి చేసిన భయానక చిత్రాల చరిత్రతో. 2013 నుంచి అతనే క్రిస్మస్ కథలను కూడా తిరిగి తీస్తున్నాడు. నవలల్లో మలుపు ఆండ్రూ మైకేల్ హర్లీ ‘ది లోనీ’. 2014లో టార్టరస్ ప్రెస్ అనే చిన్న సంస్థ కొద్ది ప్రతులే వేసిన ఈ నవల, మరుసటేడు పెద్ద ప్రచురణ సంస్థ చేతికి వెళ్లి కోస్టా తొలి నవల బహుమతి గెలుచుకుంది. లాంకషైర్ తీరానికి ఈస్టర్ యాత్రగా వెళ్లిన కేథలిక్ కుటుంబం, మాట రాని కొడుకుకు నయం కావాలన్న తల్లి మొండి మొక్కు, ఆటుపోట్లకు మునిగి తేలే ఇసుక మేటలు ఇందులో ఉన్నాయి. 2019లో వచ్చిన ‘స్టార్వ్ ఏకర్’లో హర్లీ నేరుగా జేమ్స్ దారి తొక్కాడు. యార్క్‌షైర్ లోయల్లో చరిత్ర అధ్యాపకుడొకడు ఒకప్పుడు ఉరితీతలకు వాడిన ఓక్ చెట్టు వేళ్ల కోసం తన పొలం తవ్వుతాడు. దొరికేది ఒక కుందేలు అస్థిపంజరం. జేమ్స్ పండితులను తవ్వకానికి పురికొల్పింది కుతూహలం. ఈ అధ్యాపకుడు పలుగు పట్టింది అయిదేళ్ల కొడుకు చనిపోయాక, ఇంట్లో ఉండలేక. ఆ దుఃఖాన్ని ఆసరా చేసుకునే నేల అతని చేతికి ఆ ఎముకలను అందిస్తుంది.