మూత్రం తగ్గితే వేడి చేసిందని ఊరుకోరాదు

రాజమహేంద్రవరం: రోహిణీ కార్తె ఎండలకు మూత్రం తగ్గి, ముదురు పసుపు రంగులో రావడాన్ని గోదావరి తీరంలో చాలామంది ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటారు. మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగాక మామూలైతే భయం లేదు. కాకుంటే కారణం తెలుసుకోవాల్సిందే. పెద్దవారికి సాధారణంగా రోజుకు 1 నుంచి 2 లీటర్ల మూత్రం వస్తుంది. అది 400 మిల్లీలీటర్ల లోపునకు తగ్గితే వ్యాధి లక్షణం. 100 మిల్లీలీటర్లకూ చేరకపోతే అత్యవసర పరిస్థితి. కారణాలను వైద్యశాస్త్రం మూడు రకాలుగా విభజించింది.

రక్తం అందకపోవడం: వడదెబ్బ, వాంతులు, విరేచనాలు, తీవ్ర రక్తస్రావం, గుండె బలహీనత వల్ల మూత్రపిండాలకు రక్త సరఫరా తగ్గుతుంది. సకాలంలో సరిదిద్దితే అవి తిరిగి కోలుకుంటాయి. ఆలస్యమైతే వాటి కణజాలమే దెబ్బతింటుంది.

మూత్రపిండాలే దెబ్బతినడం: డెల్టాలో ఊడ్పులకు దిగే కూలీలకు ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా, కాళ్ల పగుళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని లక్షణాలు. రక్తపింజర కాటు, మన్యంలో కనిపించే ఫాల్సిపేరం మలేరియా కూడా మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలను సొంతంగా వాడటం, అందునా ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ప్రమాదకరం.

దారి మూసుకుపోవడం: వృద్ధులలో ప్రొస్టేట్ గ్రంథి వాపు, రాళ్లు, కణుతులు మూత్రాన్ని అడ్డుకుంటాయి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో మూత్రం బిగిస్తే గొట్టం వేసి తీయించాలి. అప్పుడు నీళ్లు ఎక్కువగా తాగితే బాధ పెరుగుతుందే తప్ప తగ్గదు.

మూత్రం బాగానే వస్తున్నంత మాత్రాన మూత్రపిండాలు క్షేమమనుకోవడమూ పొరపాటే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వంటి వాటిలో చివరి దశ వరకు మూత్రం తగ్గకపోవచ్చు. అందువల్ల మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏటా సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోవడం మంచిది.

పన్నెండు గంటలుగా మూత్రం రాకపోయినా, ముఖం, కాళ్లు వాచినా, ఆయాసం, మగత కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు వైద్యుడు చెప్పనిదే నీరు ఎక్కువగా తాగరాదు.