రాజీ కుదిర్చిన వకీలు

వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన వైపు సామెత. మా ఇంట్లో ఇది నిజమైంది. ఒక గోడ విషయమై మా అబ్బాజాన్‌కూ బడే అబ్బాకూ దావా పడింది. తీర్పు మా పక్షానే వచ్చింది. కాని ఆ తర్వాత ఈద్ నాడు కూడా ఆ ఇంటి గడప మేము తొక్కలేదు. అందుకే పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఒక వకీలు సంగతి తప్పక చెబుతాను. ఆయనే మోహన్‌దాస్ గాంధీ. మహాత్ముడిగా కాదు, వకీలుగా ఆయన్ని చూద్దాం.

1891 జూన్‌లో లండన్‌లో బారిస్టరయ్యారు. బొంబాయి స్మాల్ కాజ్ కోర్టులో మొదటి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేచారు, నోట మాట రాలేదు. ఫీజు తిరిగి ఇచ్చేసి, వేరే వకీలును పెట్టుకోమన్నారు. రాజకోట వెళ్లి అర్జీలు రాసుకుంటూ కాలం గడిపారు.

ఆ దశలో పోరుబందరు మేమన్ వర్తకులైన దాదా అబ్దుల్లా కంపెనీవారు దక్షిణాఫ్రికాకు పిలిచారు. ఏడాదికి 105 పౌన్లు, రానుపోను ఖర్చులు. 1893లో బయలుదేరారు. దాదా అబ్దుల్లా సేఠ్ తన బంధువూ, ఒకే ఊరివాడూ అయిన తయ్యబ్ సేఠ్ మీద ప్రిటోరియాలో 40,000 పౌన్లకు దావా వేసి ఉన్నారు. కేసంతా లెక్కల చిక్కు, ప్రామిసరీ నోట్ల గొడవ. ప్రామిసరీ నోటంటే ఏమిటో ఈ బారిస్టరుకే తెలియదు! సిగ్గుపడలేదు. గుమాస్తాను అడిగారు, పద్దుల పుస్తకం కొని చదివారు, గుజరాతీ ఉత్తరాలను తర్జుమా చేశారు. కేసులో ముప్పాతిక భాగం వాస్తవాలేనని గ్రహించారు.

వాస్తవాలు తెలిశాక తమ పక్షానికి బలముందని తేలింది. కాని కేసు సాగితే వకీళ్ల ఖర్చులకే ఇద్దరూ నాశనమవుతారనీ తేలింది. ఇద్దరినీ బతిమాలి మధ్యవర్తికి ఒప్పించారు. దాదా అబ్దుల్లా గెలిచారు. 37,000 పౌన్లు, ఖర్చులు ఒక్కసారిగా కట్టమంటే తయ్యబ్ సేఠ్ దివాళా తీయాలి. మేమన్ వర్తకులకు అది చావుతో సమానం. గెలిచిన సేఠ్‌ను మళ్లీ బతిమాలి, దీర్ఘకాల వాయిదాలకు ఒప్పించారు. ఇద్దరి పరువూ నిలిచింది.

అబద్ధపు కేసులు తన దగ్గరకు తేవద్దని కక్షిదారులకు ముందే చెప్పేవారు. తర్వాత 1903లో జొహానెస్‌బర్గ్‌లో అటార్నీగా పేరు నమోదు చేసుకున్నారు. అక్కడ ఒక కేసులో తన కక్షిదారుకు లాభించే లెక్క తప్పు దొరికితే, దాన్ని కోర్టుకు తామే చెప్పించారు. అయినా కేసు నిలిచింది. సుంకం ఎగవేసిన మిత్రుడు పార్సీ రుస్తుంజీ చేత తప్పు ఒప్పించారు. ఒప్పుకున్న మొత్తానికి రెట్టింపు కట్టి ఆయన బయటపడ్డారు. ఆ కథను రాసి ఫ్రేము కట్టి తన ఆఫీసులో తగిలించుకున్నారు.

ఇరవై ఏళ్ల వకాల్తాలో గాంధీగారు వందలాది తగాదాలను రాజీ చేశారు.

సోదర సభ్యులారా! వకీలు సాహెబులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. హక్కు పోతుంటే కోర్టుకు వెళ్లక తప్పదు. కాని వకాల్తా మీద సంతకం పెట్టేముందు ఒకసారి ఎదుటివాడి గుమ్మం దాకా వెళ్లి రండి. మా ఇంట్లో ఆ పని ఎవరూ చేయలేదు.