మిట్టమధ్యాహ్నం బావి దగ్గర

మొన్న వేసవిలో వనపర్తి వెళ్తే, మా నాయనమ్మ ఇంటి చేదబావి మీద స్లాబు వేసి మోటారు బిగించేశారు. గట్టురాయి ఒక్కటే మిగిలింది, చేంతాడు ఒరిసి పడిన గాట్లతో సహా. ఆ గాట్లు తడిమి చూస్తుంటే టీచరమ్మ గుర్తొచ్చింది.

1980ల చివర, నా చిన్నతనంలో ఆవిడ వారానికోసారి మా ఇంటికి వచ్చేది. చర్చిలో ఆడవాళ్ళకు బైబిలు చెప్పే మనిషి, కుట్టుపని కూడా వచ్చు. మా నాయనమ్మకు రవిక కుట్టడం నేర్పింది ఆవిడే. ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే ఊరి ముచ్చట్లకు అంతుండేది కాదు. కానీ టీచరమ్మ మంచినీళ్ళు అడిగితే మాత్రం నాయనమ్మ చెంబు ఎత్తి పట్టి, దోసిట్లో పోసేది. "గ్లాసుల ఇయ్యరాదా?" అన్నాను ఒకసారి. నాయనమ్మ కళ్ళెర్రజేసింది. టీచరమ్మ నవ్వి, "మా బైబిల్ల గూడ ఒక బాయి కత ఉంది బిడ్డా, ఇంటవా?" అంది.

మీలో చాలామందికి తెలిసిన కథే. యోహాను సువార్త నాలుగో అధ్యాయం. నడిచి నడిచి అలసిన యేసు యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. సమరయ స్త్రీ ఒకామె నీళ్ళకు వచ్చింది. ఆయన నీళ్ళడిగాడు. ఆమె నీళ్ళు పోయలేదు సరికదా, ఆశ్చర్యపోయింది. యూదులకూ సమరయులకూ పొత్తు లేదు. యూదుడవై ఉండి నన్ను అడుగుతావేమని.

నవలలు రాసేదాన్ని కనుక నా కన్ను ఎప్పుడూ ఒక చిన్న సంగతి మీదే పడుతుంది. అది మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్ళేది పొద్దున్నే, లేకపోతే సాయంత్రం. ఎండన పడి ఒంటరిగా వచ్చే ఆడది ఎందుకలా వస్తుందో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ కథ పాలమూరు పల్లెలకు చాలా దూరం నుంచి వచ్చింది. రష్యాలో జర్మన్ మాట్లాడే మెనొనైట్ రైతుల్లోంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో బయల్దేరి నల్లగొండ చేరారు. తర్వాత అమెరికాలోని వాళ్ళ తోటి సంఘం వచ్చి, నిజాం రాజ్యంలో నాగర్‌కర్నూలు, వనపర్తి వంటి చోట్ల మిషన్లు పెట్టింది. గద్వాల 1937లో అమెరికన్ బాప్టిస్టుల నుంచి వీళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి డాక్టర్ కేథరీనా షెలెన్‌బర్గ్. మగ డాక్టరు చెయ్యి పట్టుకోవడానికి కూడా ఆడవాళ్ళు ఒప్పుకోని రోజుల్లో, 1907లో వచ్చి, నాగర్‌కర్నూలులోనూ మరికొన్ని చోట్లా వైద్యం చేసి, 1945లో షంషాబాదులోనే కన్నుమూసింది.

వాళ్ళ మాట మొదట చెవిని పెట్టింది ఎక్కువగా మాల మాదిగ వాడలే. ఎందుకు పెట్టరు? బావిగట్టుకు దూరంగా కడవ దించి, ఎవరైనా దయతలచి చేది పోసేదాకా నిలబడ్డ ఆడమనిషికి, నీళ్ళ కోసం దేవుడే చెయ్యి చాచాడన్న కథకు వేరే వ్యాఖ్యానం ఏం కావాలి? విత్తనాలు చల్లే రైతు, తప్పిపోయిన గొర్రె, ఇల్లు ఊడ్చి వెతుక్కున్న నాణెం, ఇవన్నీ వాళ్ళింట్లో ఉన్నవే. పుస్తకం చదవడం రాకపోయినా పాఠం రోజూ కళ్ళముందుంది. అయితే చర్చిలో ఒక్క చాపమీద కూర్చున్న మాలలూ మాదిగలూ, పెళ్ళి సంబంధాల దగ్గరకొచ్చేసరికి విడివిడిగానే ఉండిపోయారన్నది కూడా నిజమే.

ప్రభుత్వం లెక్క ఇంకోటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాలంటే హిందువులే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ కలిపారు. క్రైస్తవులను కలపలేదు. వాళ్ళు మన రాష్ట్రంలో బి.సి.-సి, ఒక్క శాతం రిజర్వేషను. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్టులో ఇంకో పేరు పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. వాళ్ళను దొంగలనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెంబుతో ఎత్తి పోసిన చెయ్యి, అవతలివాళ్ళ మతం మారిందని కిందికి దిగిందా?

ఆరోజు టీచరమ్మ కథ చెప్తుంటే నాయనమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, విననట్టే వింది. ఆ సమరయ స్త్రీ కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తిందని చెప్పి టీచరమ్మ ఆపింది. నాయనమ్మ చాట దించింది.

"ఇంతకూ ఆయన నీళ్ళు తాగిండా లేదా?"

"అది రాయలేదమ్మా."

నేను తర్వాత చదివి చూశాను, నిజంగానే రాయలేదు. నాయనమ్మ మాత్రం, "అంత ఎండల దూపకు ఉంటడా!" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

పై వారం టీచరమ్మకు స్టీలు గ్లాసులో నీళ్ళు వచ్చాయి. నేనెంత సంబరపడ్డానో! ఆ గ్లాసు మాత్రం వంటింట్లోకి రాలేదు. కడిగి, అరుగు మీది గూట్లోనే బోర్లించేవాళ్ళు.