కోటను తోట అనే పిల్లవాడు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో గుణదల కొండను చూసినవారికి ఆ జనసందోహాన్ని వర్ణించి చెప్పనవసరం లేదు. కొబ్బరికాయలు, తలనీలాలు, మెట్ల పొడుగునా మొక్కులు. క్షేత్రం క్రైస్తవులది, ఆచారాలు మాత్రం అచ్చంగా మన కృష్ణాతీరపువే. ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి అధిపతిగా ఉన్న ఫాదర్ అర్లాటి 1924లో ఈ కొండమీద లూర్దుమాత విగ్రహాన్ని నిలిపారు. 1937 నాటికి చర్చి వెలసింది. బిడ్డకు మాట రాలేదని మొక్కుకునే తల్లులు ఏ క్షేత్రానికైనా వస్తారు, ఈ కొండకూ వస్తారు.

ఈ కొండకు మూలమైన లూర్దు కథలో భాషకు సంబంధించిన ముక్క ఒకటుంది. మనవాళ్ళెందుకో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1858లో దర్శనం పొందానన్న బెర్నడెట్ అనే పద్నాలుగేళ్ళ పిల్లకు ఫ్రెంచి సరిగా రాదు. ఇంట్లో మాట్లాడేది ఆక్సిటన్ భాషలోని ఒక మాండలికం. మతపాఠాలేమో ఫ్రెంచిలో. అందుచేత తోటి పిల్లలకంటే వెనకబడింది, మొద్దు అనిపించుకుంది. తనకు కనిపించిన స్త్రీ మాత్రం తన ఇంటి భాషలోనే మాట్లాడిందని ఆ పిల్ల చెప్పింది. ఆ మాటలను నేటికీ లూర్దు గుహలో విగ్రహం పాదాల దగ్గర ఫ్రెంచిలో కాక ఆ యాసలోనే చదవవచ్చు. విశ్వాసం సంగతి విశ్వాసులకు వదిలేద్దాం. బడిభాష రాని పిల్ల మాట రాని పిల్లగా లెక్కకు రావడం ఎంత పాతదో చెప్పడానికే ఇది ఎత్తుకున్నాను.

ఇంతకీ నేను రాయదలచుకున్నది బడిలో పిల్లల మాటను చక్కదిద్దే వృత్తి గురించి. స్పీచ్ థెరపీ అన్న పేరే మనకు అలవాటయింది కనుక అలాగే అందాం. పూర్వం మన ఇళ్ళలో దీనికున్న మందు వసకొమ్ము. అరగదీసి నాలుకకు రాసేవారు. ఎడతెగకుండా వాగేవాణ్ణి వసపిట్ట అనడం మనకు తెలిసిందే. (పసిపిల్లలకు వస పెట్టవద్దని నేటి వైద్యులు గట్టిగానే చెబుతున్నారు.) అమెరికాలో షికాగో నగరపు బడులు 1910లోనే ఈ పనికి ప్రత్యేకంగా ఉపాధ్యాయులను నియమించాయి. మన దేశంలో మైసూరు సంస్థ 1965లో మొదలయింది. దానికి మరుసటి ఏడు శంకుస్థాపన చేసినది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. అదే 1966లో బొంబాయి నాయర్ ఆసుపత్రిలో డిగ్రీ చదువు ఆరంభమయింది. తరువాత సికింద్రాబాదుకు బొంబాయిలోని జాతీయ శ్రవణ వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రం వచ్చింది. 1992 పునరావాస మండలి చట్టంతో వృత్తికి నమోదు ఏర్పడింది. చదువుకున్నవారు ఎక్కువగా ఆసుపత్రులలోనూ పట్నపు క్లినిక్కులలోనూ కుదురుకున్నారు. బడి మాత్రం చివరికి మిగిలిపోయింది.

ఈ వృత్తికి తెలుగుదేశంలో ఒక పూర్వీకుణ్ణి చూపించమంటే నేను గిడుగు రామమూర్తిగారినే చూపిస్తాను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర మాట్లాడేవాణ్ణి ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించాలని పూనుకున్నారు. కొండల్లో తిరిగినప్పుడు పట్టిన జ్వరానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని తినేసింది. వాడుకభాష కోసం జీవితమంతా వాదించినవాడు ఆ వాదాలలో అవతలివారి మాట సరిగా వినలేకపోయాడు! ఆయన ఉచ్చారణ చికిత్సకుడు కాదన్న సంగతి నేనెరుగుదును. కానీ పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న మాట తప్పు కాదు, చదువు అక్కడినుంచే మొదలవాలి అన్నది ఆయన పట్టుదల. స్పీచ్ థెరపిస్టు మొదట తేల్చవలసినదీ అదే: ఇది లోపమా, యాసా?

కృష్ణాజిల్లాలో 'భోజనం' అనే మాటను ఒత్తు పెట్టి పలికేవారెందరు? 'పెళ్ళి'ని 'పెల్లి' అనేవారు కొల్లలు. ఇవి చికిత్సకు రావు. అయిదేళ్ళు దాటిన పిల్లవాడు 'కోట' అనవలసినచోట 'తోట' అని, 'కాకి'ని 'తాతి' అంటుంటే అది వేరే సంగతి. కంఠ్యం రావలసినచోట దంత్యం వస్తోంది. మన వర్ణమాలలో మొదటి వరుస బదులు నాలుగో వరుస. (ఉచ్చారణ స్థానాలను బట్టి అక్షరాలను పేర్చుకున్న మనకు థెరపిస్టు చేతిలోని పట్టిక కొత్తగా అనిపించదు.) ముందు వినికిడి పరీక్ష చేయించాలి. తరచు జలుబు చేసి చెవిలో నీరు నిలిచినా మాట తేడాగానే వస్తుంది. ఆ పైన అద్దం ముందు కూచోబెట్టి, తల కాస్త వెనక్కి వాల్చి నీళ్ళు పుక్కిలించమంటే నాలుక మొదలు ఎక్కడ లేస్తుందో వాడికే తెలుస్తుంది. కోట బొమ్మ, తోట బొమ్మ ఎదురుగా పెడతారు. వాడికి కావలసింది కోట, అన్నది తోట. తోట బొమ్మ చేతిలో పెట్టగానే పిల్లవాడు తెల్లబోతాడు. రెండు మాటలకూ తేడా ఉందని వాడికి తట్టేది ఆ క్షణంలోనే. ఇదంతా ఒక పూటలో తేలేది కాదు, వారాలూ నెలలూ పడుతుంది.

పుట్టు చెవిటితనం ఉన్న పిల్లల సంగతి ఇంకా తొందరపెడుతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ కాక్లియర్ ఇంప్లాంటును పేదపిల్లలకు అందుబాటులోకి తెచ్చింది. శస్త్రచికిత్సతోపాటు తరువాతి శిక్షణనూ అందులో చేర్చడం దూరదృష్టి గల పని. ఎందుకంటే యంత్రం అమర్చగానే మాట రాదు. ఆ పరికరం శబ్దాన్ని విద్యుత్సంకేతంగా నాడికి అందిస్తుంది, అంతే. అది 'అమ్మ' అన్న మాట అని మెదడు నేర్చుకోవాలి, అదీ పసితనంలోనే. శిక్షణ ముగిశాక ఆ పిల్ల బడికి వస్తుంది. అక్కడ యాభైమంది రొద, తిరుగుతున్న ఫ్యాను, నల్లబల్లవైపు తిరిగి మాట్లాడే టీచరు. ఆ పిల్లకు ఏది వినబడుతోందో చూసేవారెవరు? మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. చూపులేనివారినీ, నడవలేనివారినీ, మాట రానివారినీ వారే చూసుకోవాలి. వారి ఓర్పుకు దణ్ణం పెట్టవచ్చుగాని ఆ ఏర్పాటు చాలుతుందని అనలేను.

పైగా ఇప్పుడు మాధ్యమం గొడవ ఒకటి. సర్కారు బడులను ఇంగ్లీషులోకి మార్చాలని 2019 నవంబరులో ఉత్తర్వులు వచ్చాయి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఐనా గాలి అటే వీస్తోంది. అమెరికాలోని మనవాళ్ళకూ ఈ బాధ తెలుసు. పిల్లవాడికి మాట ఆలస్యమైతే ఇంట్లో తెలుగు మానెయ్యమని బడివారు సలహా ఇవ్వడం ఒకప్పుడు మామూలు. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని ఆ వృత్తివారే ఇప్పుడు అంటున్నారు.

థెరపిస్టు వారానికి ఒకటి రెండుసార్లు, అరగంట చొప్పున కూచోగలుగుతుంది. మిగతా సాధన ఇంట్లో అమ్మ చేతిలో జరగాలి. అందుకని చీటీ రాసి పంపుతుంది. ఈ వారం పాఠం క, గ అనుకోండి: కంచం, కత్తిపీట, గిన్నె, గరిటె, కందిపప్పు, గోంగూర. వంట చేస్తూనే ఆ తల్లి వీటిని పాతికసార్లు పలికించగలదు. చీటీ మీద కింగు, కైటు, గోటు అని ఉంటే ఆమె దాన్ని మడిచి పుస్తకంలో పెట్టి, మర్నాడు బడికి తిప్పి పంపుతుంది.