సుదీర్ఘ గాథ మీద మమకారం దేనికి?

ఐజాక్ అసిమోవ్ 1942లో ఒక పత్రికలో మొదలుపెట్టి, తర్వాతి దశకంలో పుస్తకాలుగా తెచ్చిన ‘ఫౌండేషన్’ గాథనూ, 1965లో ఫ్రాంక్ హెర్బర్ట్ ప్రచురించిన ‘డ్యూన్’నూ యౌవనంలో చదివి, తల నెరిసినాక కూడా మళ్ళీమళ్ళీ తెరిచే పాఠకులు ప్రపంచమంతటా ఉన్నారు. ఎన్నడూ లేని లోకాలమీద, పుట్టని మనుషులమీద ఇంత మమకారం ఎందుకు? మన విమర్శకుల దగ్గర దీనికి సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటే: పలాయనవాదం. ఆ మాటతో చర్చ ముగించడం సులువే. కాని అది అసలు ప్రశ్నను ముట్టుకోదు. బతుకు బాధను మరిచిపోవడమే పాఠకుడి అవసరమైతే ఏ కథైనా చాలు, ఒకటి అయిపోగానే ఇంకొకటి అందుకుంటాడు. అదే గాథ దగ్గరికి ముప్పై ఏళ్ళపాటు ఎందుకు తిరిగివస్తాడు? పైగా అసిమోవ్ తన గెలాక్సీ సామ్రాజ్య పతనానికి నమూనాను గిబ్బన్ రాసిన రోమన్ చరిత్రలోంచి తీసుకున్నానని తానే చెప్పుకున్నాడు. అంటే నక్షత్రాల మధ్య నడిచిన ఆ కథకు పునాది చరిత్రే.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం నక్షత్రమండలాల దాకా పోనవసరం లేదు. పాత వరంగల్లు జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో చదువురాని శ్రోతలు శతాబ్దాలుగా ఇటువంటి గాథలను గుండెకు హత్తుకొని ఉన్నారు. వాటిలో సర్వాయి పాపన్న కథకు ఒక ప్రత్యేకత ఉన్నది. దానిని పక్కనబెట్టి పోల్చడానికి సమకాలిక చరిత్రకారుడి రాత కూడా మనకు మిగిలింది.

పాపన్న జనగామ ప్రాంతపు ఖిలాషాపూర్ మనిషి. పుట్టింది కల్లుగీత కులంలో. మొగలాయీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ తన పారశీక గ్రంథంలో అతన్ని ఒట్టి బందిపోటుగానే చూపాడు. 1708లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లును కొల్లగొట్టినవాడు, 1709లో భువనగిరి మీద పడినవాడు, 1710లో పట్టుబడి హతమైనవాడు — పాలకుల లెక్కలో పాపన్న అంతే. ఔరంగజేబు మరణానంతరం దక్కనులో సుబేదార్ల పట్టు సడలిన కాలమది. దారులమీద వర్తకం సాగుతున్నది, ఊళ్ళమీద పన్నుల బరువు పెరుగుతున్నది. ఆ సందులోంచి ఒక గీతకులస్తుడు లేచి కోట కట్టడం ఫౌజుదార్లకే కాదు, స్థానిక జమీందార్లకు కూడా కంటగింపయింది.

తలారి కత్తితో ఆ చరిత్ర ముగిసింది. కథ మాత్రం సాగింది. శారదకాండ్ర నోట, ఊరూరి పాటలో, అది మూడు వందల ఏళ్ళు నడిచింది. 1874లో జె.ఎ. బాయిల్ ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో పరిచయం చేసిన తెలుగు వీరగాథల్లో పాపన్న పాట ఉన్నది. 1980లో వెల్చేరు నారాయణరావు, జె.ఎఫ్. రిచర్డ్స్ ఖాఫీఖాన్ రాతనూ జానపదుల పాటనూ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఇద్దరు పాపన్నల మధ్య ఉన్న దూరంలోనే మన ప్రశ్నకు జవాబు కొంత దొరుకుతుంది.

మొదటి సంగతి: ఆ గాథలో చోటు. పాటలోని పాపన్న ఒంటరి వీరుడు కాడు. అతని వెంట చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి ఉన్నారు. దూదేకులవాడున్నాడు, తురకలున్నారు. ఎవరి కులవృత్తి పేరుతో వారే కథలోకి వచ్చారు. వింటున్న కుమ్మరికి రాజు కథ వింటున్నట్లు ఉండదు. తన పేరు పిలిచినట్లుంటుంది. చిన్న కథలో ఇంతమందికి స్థలం చాలదు. సుదీర్ఘ గాథలో చాలుతుంది. నిడివి అన్నది కేవలం కొలత కాదనీ, అందులో ప్రజాస్వామిక గుణం ఒకటి ఉన్నదనీ మనం గమనించాలి.

రెండవది: తీరని లెక్క. పాపన్న కుల కట్టుబాటును ధిక్కరించి, ముంజకత్తి దించి ఖడ్గం పట్టాడు. గెలిచాడు, చివరకు ఓడాడు. పూర్తిగా గెలిచిన వీరుడి కథ విని శ్రోత తృప్తిగా ఇంటికి పోతాడు. ఓడినవాడి కథ శ్రోత వెంట ఇంటికి వస్తుంది. 1946 జులై 4న ఇదే జనగామ గడ్డమీద కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దేశముఖు మీద తిరగబడినప్పుడు, జనానికి ఆ ధిక్కారం పరాయిదిగా తోచలేదంటే ఆశ్చర్యమేమున్నది? పాపన్న పాట ఆ పోరాటాన్ని పుట్టించిందని నేననడం లేదు. పోరాటానికి కారణం వెట్టి, భూమి. కాని కిందికులం మనిషి కోటమీదికి ఎక్కగలడన్న ఊహ ఈ నేలమీద అప్పటికే పాతబడిన ఊహ.

మూడవది: శ్రోత పడే శ్రమ. సమ్మక్క సారలమ్మల గాథను చూడండి. కప్పం కట్టనన్న కోయలమీద కాకతీయ సైన్యం దండెత్తిందని ఆ కథ. ఆ గాథకు ఒక పుస్తకం లేదు, ఒక ఊరు లేదు. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో రెండేళ్ళకొకసారి మాఘపౌర్ణమికి జాతర. పగిడిద్దరాజు మాత్రం మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి రావాలి. కోయ పూజారులు అడవిదారిన కాలినడకన తెస్తారు. కథలోని ఒక్కొక్క పాత్రను ఒక్కొక్క ఊరు మోస్తున్నది. మోసిన భుజానికి ఆ కథమీద హక్కు ఏర్పడుతుంది. వైజ్ఞానిక గాథ పాఠకుడు సంపుటం తర్వాత సంపుటం ఓపికగా చదివి, ఆ లోకపు పటాన్నీ వంశవృక్షాన్నీ మనసులో నిలుపుకోవడం కూడా ఇటువంటి మోతే. ఊరికే దొరికినదానిమీద మనిషికి ఇంత మమకారం పెరగదు.

అయితే మమకారాన్ని చైతన్యమని పొరబడరాదు. ఖాఫీఖాన్ పాలకవర్గం మనిషి కనుక అతని మాటలన్నీ కొట్టిపారేయడం చారిత్రక దృష్టి అనిపించుకోదు. ఓరుగల్లు దోపిడిలో స్త్రీలను, పిల్లలను చెరపట్టుకుపోయారన్న అతని కథనాన్ని పాపన్నను ప్రేమించేవారు కూడా ఎదుర్కోవాలి. ప్రేమించిన వీరుణ్ణి ప్రశ్నించలేని శ్రోత ఆ వీరుడి పేరుతో వచ్చిన ఎవరి వెంటనైనా నడుస్తాడు.

ఆ ప్రమాదం ఊహ కాదు. ఇప్పుడు ఆగస్టు 18న పాపన్న జయంతిని ప్రభుత్వమే జరుపుతున్నది. ఊళ్ళలో విగ్రహాలు వెలిశాయి. మూడు వందల ఏళ్ళు బందిపోటన్న ముద్ర మోసినవాడికి ఈ గౌరవం దక్కడం న్యాయమే. కాని విగ్రహంలో గుర్రమున్నది, కత్తి ఉన్నది. వెంట నడిచిన చాకలి, కుమ్మరి, దూదేకుల లేరు. అందరికీ చోటిచ్చిన గాథ ఒక్క కులం పటంగా కుదించుకుపోతే, పోయేది పాపన్న కీర్తి కాదు, ఆ గాథను ఇంతకాలం బతికించిన గుణమే.

మన రచయితలు ఇక్కడినుంచి ఆలోచించాలి. చిన్నకథలో, దీర్ఘకవితలో మనం సాధించినది తక్కువేమీ కాదు. కాని జనం ఏళ్ళ తరబడి కాపురం చేయగల విశాలమైన గాథలు మన కలంనుంచి ఎన్ని వచ్చాయి? అది గతాన్ని గురించినదైనా, రాబోయే లోకాన్ని గురించినదైనా సరే, అందులో కుమ్మరి పేరు వినిపించాలి, ఓటమిని దాచకూడదు, వీరుడి తప్పును కప్పకూడదు. విద్యార్థులు చేయవలసిన పని ఒకటి వెంటనే ఉన్నది. పాపన్న కథ చెప్పే గొంతులు తరిగిపోతున్నాయి. ఊరికొక పాఠంగా ఉన్న ఆ కథను ఆ ఊరి మాటల్లోనే, ఏ పేరూ వదలకుండా రాసిపెట్టాలి.