మందుగుండు నుంచి తూటా దాకా: విశాఖ మన్యంలో వేట తుపాకి, నాళం కొలత, రాజ్యాధికారం

ఉపోద్ఘాతం

అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన మన్యం పితూరీ చరిత్రలో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలకు ప్రత్యేక స్థానం ఉంది. ఆ మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు వరుసగా ముట్టడికి గురయ్యాయి. చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8, మొత్తం 26 తుపాకులు పితూరీదారుల చేతికి వచ్చాయి. చరిత్ర గ్రంథాలు ఈ సంఖ్యను తప్పక పేర్కొంటాయి. తుపాకులతోపాటు దొరికిన దానిని మాత్రం అవి ఒకచోట ‘మందుగుండు’ అనీ, మరొకచోట ‘తుపాకి గుళ్లు’ అనీ, ఇంకొకచోట ‘తూటాలు’ అనీ పర్యాయపదాల వలె వాడుతూ వచ్చాయి. ఈ మూడు మాటలూ ఒకే వస్తువును చెప్పవు. వాటి మధ్య ఉన్న తేడా కేవలం పదజాలానికి సంబంధించినది కాదు. కొండల్లోని వేటగాడు స్వయంగా తయారు చేసుకోగలిగినదానికీ, ప్రభుత్వ కర్మాగారం నుంచి మాత్రమే రాగలిగినదానికీ మధ్య ఉన్న తేడా అది. ఆ తేడాను గుర్తిస్తే పితూరీ గమనంలోని ఒక ముఖ్యాంశం స్పష్టమవుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల్లో నిలిచిన పనితనం

తుపాకి అన్న మాట తురుష్క మూలం నుంచి పారశీక, హిందుస్తానీల మీదుగా తెలుగులో స్థిరపడింది. దానిని నింపే సామగ్రికి మాత్రం తెలుగువారు సొంత మాటలనే వాడుకున్నారు. మందు, గుండు, రవలు అన్నవి అటువంటివి. ‘మందుగుండు’ ద్వంద్వ సమాసం. మందూ గుండూ వేర్వేరు పదార్థాలనీ, వాటిని నాళంలో వేర్వేరుగా పోయవలసి ఉంటుందనీ ఆ సమాసమే చెబుతుంది. మూతి నుంచి నింపే తుపాకి పనితీరు అదే. ముందుగా మందును కొలిచి నాళంలో పోస్తారు. దానిపై గుడ్డపేలికో, పీచో కూరి కడ్డీతో దట్టిస్తారు. ఆపైన గుండునో రవలనో వేసి, అవి జారిపోకుండా మళ్లీ కూరుతారు.

తూటా హిందుస్తానీ నుంచి వచ్చిన మాట. తొలినాళ్లలో అది మందునూ గుండునూ ఒకే కాగితంలో చుట్టిన పొట్లం. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కాగితం స్థానంలో ఇత్తడి గుల్ల వచ్చింది. గుల్ల అడుగున దెబ్బకు పేలే టోపీ, లోపల మందు, మూతిలో గుండు బిగిసి ఒకే వస్తువుగా మారాయి. నాళాన్ని వెనుక నుంచి తెరిచి తూటాను అమర్చే తుపాకులు అప్పటి నుంచి ప్రధానమయ్యాయి. ఇక్కడ సమాసం విడిపోయి ఏకపదం మిగిలింది. మందుగుండు వాడేవాడు తన తూటాకు తానే కర్త. తూటా కొనేవాడు మరొకరి కొలతకు లోబడినవాడు.

వేటగాని కొలత, దొర కొలత

విశాఖపట్నం జిల్లాలో మైదానం ముగిసి కొండలు మొదలయ్యే అంచుకు చేరువలో చోడవరం ఉంది. అక్కడి నుంచి వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు కొండలకు దారి సాగుతుంది. 1922 అక్టోబరులో సీతారామరాజు దళం ప్రవేశించిన రంపచోడవరం గోదావరి ఏజెన్సీలోనిది. నామసామ్యం వల్ల ఈ రెండింటినీ ఒకటిగా భావించకూడదు. విశాఖ చోడవరం వంటి అంచు ఊళ్లకు వేట తుపాకి చరిత్రలో ఒక ప్రత్యేకత ఉంది. నల్లమందుకు కావలసినవి మూడు పదార్థాలు. సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. వీటిలో బొగ్గు మాత్రమే అడవిలో దొరుకుతుంది. సురేకారం, గంధకం, గుండుకు కావలసిన సీసం మైదానం నుంచి కొండెక్కవలసిందే. కనుక నాటు తుపాకి సంపూర్ణ స్వావలంబన కలిగిన ఆయుధం కాదు. అయినా దాని ముడిసరుకులు వైద్యానికీ, బాణసంచాకూ, వృత్తిపనులకూ పనికివచ్చే మామూలు సరుకులు. వాటి రాకపోకలను పూర్తిగా కట్టడి చేయడం కష్టం.

ఈ ప్రాంతపు గిరిజనులకు వేట జీవనాధారం మాత్రమే కాదు, ఆచారం కూడా. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలో ఊరి మగవారంతా కలసి వేటకు వెళ్లడం, వట్టి చేతులతో తిరిగివచ్చినవారిని స్త్రీలు ఎగతాళి చేయడం విశాఖ మన్యంలో ప్రసిద్ధమైన సంప్రదాయం. విల్లంబులు, ఈటెలు ఆ వేటలో ప్రధానం. వాటి సరసన నాటు తుపాకి చేరింది. ఒకే తుపాకితో పిట్టను, కొండగొర్రెను, అడవిపందిని, కణితిని వేటాడవలసి వచ్చినప్పుడు వేటగాడు నాళాన్ని మార్చలేడు, నింపే తీరును మార్చుకుంటాడు. పిట్టకు తక్కువ మందు, సన్నరవలు చాలు. పందికి ఎక్కువ మందు, ముతక రవలు లేదా ఒంటి గుండు కావాలి. మందు తగ్గితే గాయపడిన జంతువు తప్పించుకుంటుంది లేదా తిరగబడుతుంది. హద్దు మీరితే నాళం పగిలి వేటగాని చేతినే పోగొడుతుంది. ఆ కొలత అనుభవంతో అబ్బే విద్య.

దొరల వేటలో దీనికి భిన్నమైన పద్ధతి కనిపిస్తుంది. జంతువుకు తగిన నాళం కొలతను ఎంచుకోవడం అక్కడ ముఖ్యం. నాళం కొలతను రెండు విధాల చెబుతారు. రవల తుపాకికి ‘బోరు’ లెక్క. ఒక పౌను సీసంతో నాళానికి సరిపోయే ఎన్ని గుండ్లు పోయవచ్చునో ఆ సంఖ్యే బోరు. 12 బోరు అంటే పౌనుకు 12 గుండ్లు, ఒక్కొక్కటి సుమారు 38 గ్రాములు. సంఖ్య పెరిగిన కొద్దీ నాళం సన్నబడుతుంది. మరగాడి ఉన్న రైఫిలుకు అంగుళంలో వందో వంతులు, వెయ్యో వంతుల లెక్క. .450, .303 అన్న గుర్తులు ఆ పద్ధతిలోనివి. తూటాలను ఇంట్లో నింపుకొనే అలవాటు దొరలకూ ఉండేది. కాల్చిన ఇత్తడి గుల్లకు కొత్త టోపీ తొడిగి, మందు తూచి పోసి, గుండు బిగించే పనిముట్లు తుపాకి దుకాణాల్లో అమ్మేవారు. నింపే విద్య ఇద్దరిదీ. అయితే దొర నింపుడు కర్మాగారపు టోపీ లేనిదే, చట్టం అనుమతి లేనిదే సాగదు.

చట్టం నాళంలోకి దిగిన తీరు

1857 అనుభవం తరువాత వలస ప్రభుత్వం ఆయుధాల విషయంలో రెండు మార్గాలు అనుసరించింది. మొదటిది చట్టం. 1878 ఆయుధ చట్టం అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోవడాన్ని నేరంగా పరిగణించింది. సీసం, గంధకం, సురేకారం వంటి ముడిపదార్థాలకు కూడా అవసరమైనప్పుడు దాని నిబంధనలను వర్తింపజేసే అధికారాన్ని ప్రభుత్వం అట్టిపెట్టుకుంది. చట్టం కన్ను ఆయుధంతో ఆగక దానిని నింపే పదార్థం దాకా చేరిందనడానికి ఇది నిదర్శనం. ఐరోపావారికి ఇచ్చిన మినహాయింపులు ఈ చట్టాన్ని అవమాన చిహ్నంగా మార్చాయి. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ దీనిపై తీర్మానం చేసింది.

రెండవ మార్గం యాంత్రికమైనది. దేశీయ సిపాయిలకు మరలేని నునుపు నాళాల తుపాకులు ఇచ్చారు. అవి దూరానికి గురి తప్పుతాయి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాల్లో ఇషాపూర్ రైఫిలు కర్మాగారం .303 రైఫిళ్లను .410 నునుపు నాళంగా మార్చి పోలీసులకు, కాపలాదారులకు ఇవ్వడం ఈ విధానానికి పరిపక్వ రూపం. సైన్యపు .303 తూటా వాటిలో అమరకుండా జాగ్రత్తపడ్డారు. ఆ తుపాకి తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా, దొంగిలించిన సైనిక తూటా దానికి పనికిరాదు.

ఈ తర్కం దొరల వేటనూ వదలలేదు. 1871లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన మార్టినీ–హెన్రీ రైఫిలు నాళం కొలత .450. దాని తూటాలో సుమారు 5.5 గ్రాముల నల్లమందు, 31 గ్రాముల సీసపు గుండు ఉండేవి. సైన్యం .303కు మారిన తరువాత కూడా పాత మార్టినీలు సరిహద్దు తెగల చేతుల్లో మిగిలాయి. వేటగాళ్ల .450 తూటాలు, గుండ్లు వాటికి ఆహారం కాగలవన్న భయంతో 1907 ప్రాంతంలో భారతదేశంలోకి ఆ కొలత దిగుమతిని నిషేధించారు. ఫలితంగా ఇంగ్లండులోని తుపాకి తయారీదారులు .470, .465 వంటి కొత్త కొలతలను రూపొందించారు. పులివేట కథల్లో వైభవంగా వినిపించే ఈ అంకెల పుట్టుకకు కారణం పులి కాదు, తిరుగుబాటు భయం.

వెదురు తుపాకి కావాలన్న కల

ఇన్ని కట్టడుల మధ్య తుపాకి కొండవాసుల మనసులో ఏ స్థానం పొందిందో 1900లో కొర్రవానివలసలో జరిగిన పితూరీ తెలుపుతుంది. నాయకుడు కొర్ర మల్లయ్య తన అనుచరుల చేతి వెదుళ్లు మంత్రబలంతో తుపాకులవుతాయనీ, అధికారుల ఆయుధాలు నీరవుతాయనీ చెప్పినట్లు విశాఖపట్నం జిల్లా గెజిటీరు నమోదు చేసింది. వలస అధికారులు దీనిని మూఢవిశ్వాసంగా చూశారు. అయితే ఈ కల్పనలో ఒక ఖచ్చితమైన అవగాహన ఉంది. కొండల్లో సమృద్ధిగా దొరికేది వెదురు, దొరకనిది తుపాకి. ఎదుటివాని ఆయుధాన్ని నిర్వీర్యం చేయకుండా తమ బలం నిలవదన్న ఎరుక కూడా అందులో ఉంది. ఆ పితూరీ పోలీసుల కాల్పులతో ముగిసింది.

1922: తూటాల లెక్క

సీతారామరాజు పితూరీ ఈ సమస్యకు మంత్రంతో కాక వ్యూహంతో సమాధానం వెదికింది. తుపాకి ఎక్కడ ఉన్నదో అక్కడికే వెళ్లి తెచ్చుకోవడం ఆ వ్యూహం. చింతపల్లిలో దొరికిన 11 తుపాకులకు తోడుగా 1390 తూటాలు దొరికాయి. అంటే తుపాకికి సుమారు 126. మూడు ఠాణాల్లోనూ కలిపి 2500కు పైగా తూటాలు లభించాయని ప్రసిద్ధమైన లెక్క. ఆ ప్రకారం తుపాకికి వందకు కాస్త అటూఇటూ వస్తాయి. గెరిల్లా పోరుకు ఆరంభంలో ఇది చిన్న నిల్వ కాదు. కానీ ఇది తరిగేదే తప్ప పెరిగేది కాదు. నాటు తుపాకి అయితే కొంత సీసం, కొంత సురేకారం సంపాదించినవాడు మళ్లీ నింపుకోగలడు. పోలీసు తుపాకికి ఇత్తడి గుల్ల, దాని కొలత, పేలే టోపీ అన్నీ కర్మాగారపు సొత్తు. తరతరాల వేటవిద్య అక్కడ అక్కరకు రాదు. వేటగాడు యోధుడైన క్షణాన తన మందుగుండు విద్యను విడిచి శత్రువు తూటాపై ఆధారపడవలసి రావడం ఈ పితూరీలోని వైరుధ్యం.

తదుపరి ఘటనలను ఈ కోణం నుంచి చూడవచ్చు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు హతులయ్యారు. ముందు నడిచిన దేశీయ పోలీసులను పోనిచ్చి అధికారులనే లక్ష్యం చేసుకోవడంలోని రాజకీయ విచక్షణ సుపరిచితమే. పరిమితమైన తూటాలు గల దళానికి అదే పొదుపైన యుద్ధరీతి కూడా. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలపై దాడులు జరిగాయి. రంపచోడవరం ఠాణా పట్టపగలే స్వాధీనమైంది. కాని ఆయుధాలను ముందే దాచివేయడంతో దళానికి ఆశించినది దక్కలేదు. ఆగస్టు విజయాలకూ అక్టోబరు విజయాలకూ మధ్య తేడా ఇదే. ఠాణాను కోల్పోయినా తూటాను కోల్పోకూడదని ప్రభుత్వం రెండు నెలల్లో గ్రహించింది. ప్రజాబలం తగ్గకపోయినా సరఫరా మార్గం మూసుకుపోయింది.

ఆ తరువాత మలబారు ప్రత్యేక పోలీసులు, 1924 జనవరి నుంచి అస్సాం రైఫిల్సు దళం మన్యంలో దిగాయి. వారి వెనుక ఖడ్కీ తూటా కర్మాగారం, నీలగిరులలోని అరువంకాడు కార్డైటు కర్మాగారం వంటి పారిశ్రామిక వ్యవస్థ ఉంది. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజు కాల్చివేతతో పితూరీ ప్రధాన ఘట్టం ముగిసింది. ఈ పరాజయానికి తూటాల కొరత ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. గ్రామాలపై సాగిన దమనకాండ, ఆహారపు ఇబ్బంది, బలగాల ఆధిక్యం ముఖ్య కారణాలు. అయితే తిరిగి నింపుకోలేని ఆయుధంతో దళం సుమారు 20 నెలలు నిలిచిందన్న సంగతి గుర్తించినప్పుడే దాని యుద్ధనీతికి తగిన విలువ కట్టగలం.

ముగింపు

స్వాతంత్ర్యానంతరం కూడా నాళం కొలతపై నియంత్రణ కొనసాగింది. .303 పౌరులకు నిషిద్ధం కావడంతో భారతీయ కర్మాగారాలు .315 వేట రైఫిలును తయారు చేశాయి. 1959 ఆయుధ చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటే నేరమైంది. మన్యంలో నాటు తుపాకి నేడు పోలీసులు స్వాధీనం చేసుకొనే వస్తువుల పట్టికలో మాత్రమే కనిపిస్తోంది. దానిని నింపే విద్యతోపాటు ఆ విద్యకు చెందిన పదజాలమూ మరుగున పడుతోంది.

మన్యం పితూరీ చరిత్రను రాసేవారు, ఆ కాలపు పాటలను, మౌఖిక కథనాలను పరిష్కరించేవారు ‘మందుగుండు’, ‘గుండు’, ‘రవలు’, ‘తూటా’ అన్న మాటలను విడివిడిగా గుర్తించి అర్థనిర్ణయం చేయవలసిన అవసరం ఉంది. కథకుడు మందుగుండు అన్నప్పుడు అది వేటగాని ఇంట తయారైనది కావచ్చు. తూటా అన్నప్పుడు అది ఠాణా నుంచి ప్రాణాలొడ్డి తెచ్చినది. రెండింటినీ ఒకే మాటగా చదివితే, 26 తుపాకులు ఎత్తుకొచ్చిన సాహసం కనిపిస్తుందే తప్ప, కాల్చిన ప్రతిసారీ తరిగిపోయిన నిల్వను లెక్కపెట్టుకుంటూ పోరాడిన నిబ్బరం కనిపించదు.